ప్రేమలత పేరున బియ్యం

మొగిలవ్వ ఇంటికి నేను మొదటిసారి వెళ్ళింది మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజున. ఆ రోజు మా వైపు ఇంటింటా చేపల కూర ఉడుకుతుంది. అడవి నుంచి బయటికి వచ్చి అప్పటికి నాలుగు నెలలైంది. ఇరవై ఆరేళ్ళు తుపాకి మోసినవాణ్ణి, అందులో పదకొండేళ్ళు కంపెనీ కమాండరుగా అరవై మందిని దారి తప్పకుండా నడిపించినవాణ్ణి, చేతిలో అరటిపళ్ళ సంచితో బోయినపల్లిలో బస్సు దిగి, ఎటు పోవాలో తెలియక సోడాబండి ఆయన్ని అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, మూడు కిలోమీటర్లు ఉంటుంది, ఆటో ఎక్కు అన్నాడు.

ఆమె వాకిట్లో కూర్చుని చేపలు తోముతోంది. డెబ్బై దాటిన మనిషి. తలెత్తి చూసింది గాని లేవలేదు.

“నేను జలపతినవ్వా. మీ ప్రేమలత...” అని ఆగిపోయాను. ఆ తర్వాతి మాట కోసం దారంతా వెతుక్కుంటూనే వచ్చాను. ప్రేమలత భర్తను అనాలో, సహచరుణ్ణి అనాలో, ఆమె కమాండర్ని అనాలో తేలలేదు. మూడూ నేనే.

“ఎరుకే. టీవీల సూపిచ్చిన్రు,” అంది మొగిలవ్వ. “పూలగుత్తి ఇచ్చిన్రు గదా నీకు, పెద్ద సార్లు.”

“ఇచ్చిన్రవ్వా.”

“నా బిడ్డకు ఏమిచ్చిన్రు?”

లొంగిపోయిన రోజు నుంచి నన్ను చాలామంది చాలా అడిగారు. ఆయుధాలెక్కడ, మనుషులెక్కడ, ఎందుకు వెళ్ళావు, ఎందుకు వచ్చావు. ఏ ప్రశ్నకైనా ఏదో ఒకటి చెప్పగలిగాను. ఈ ప్రశ్నకు మాత్రం అరటిపళ్ళ సంచి గడప పక్కన పెట్టి నిలబడ్డాను. ఆమె చేపలు తోమడం ముగించింది. చేతులు కడుక్కుని వచ్చి, “మావోళ్లు కాదట గదా నువ్వు,” అంది. వాళ్ళది తాటిచెట్లెక్కి కల్లు గీసే కుటుంబం. మాది కూలిపని చేసుకునే కులం.

“కాదవ్వా.”

“ఇప్పుడు అడిగి ఏం జేస్త. కూసో. తినిపో.”

తిన్నాక ఆమె ఇనప్పెట్టెలోంచి ఒక చిన్న పుస్తకం తెప్పించింది. ఎర్ర అట్ట, పదహారు పేజీలు, లోపల ప్రేమలత ఫొటో, కింద మంజుల అని ఆమె అడవి పేరు. తెచ్చింది మనవరాలు శ్రావణి, సిరిసిల్లలో డిగ్రీ చదువుతోంది. ఆ పుస్తకం నాకు తెలుసు. చనిపోయినవాళ్ళ జీవితచరిత్ర వాళ్ళ కమాండరే రాయాలి, అది మా పద్ధతి. రాసినవాడి పేరు ఉండదు. అందుకని ఆ ఇంట్లో ఎవరికీ అది నేను రాశానని తెలియదు.

“గా ఆఖరు పేజీ సదువు బిడ్డా, ఆయన ఇంటడు,” అంది మొగిలవ్వ.

శ్రావణి బడిలో పాఠం చదివినట్టు చదివింది. “శత్రువు చుట్టుముట్టిన ఆ క్లిష్ట సమయంలో, తోటి కామ్రేడ్లను సురక్షితంగా వెనక్కి పంపేందుకు కామ్రేడ్ మంజుల స్వచ్ఛందంగా ముందుకు వచ్చి...”

“ఆడ ఆపు,” అంది మొగిలవ్వ. నా వైపు తిరిగింది. “గా మాటకు అర్థమేందని బళ్లె సారును అడిగిన. ఎవ్వలు చెప్పకుండ తనంతట తాను పోవుడట. ఇంట్లకెల్లి తనంతట తాను పోయింది. సరే, పోరి వయసు, పోయింది. పాణం ఇడువనీకి సుత తనంతట తానే పోయింది. ఒక్కపారన్న అవ్వ యాదికి రాలే దానికి. పన్నెండేండ్లాయె, పెత్రమాసకు దాని పేర గింజ పెట్టలే నేను. అద్దనుకొని పోయినదానికి నేనెందుకు పెట్టాలె?”

ఆమె గొంతులో ఏడుపు లేదు. పన్నెండేళ్ళుగా పదును పెట్టుకున్న కోపం ఉంది. ఆ కోపానికి కారణమైన మాట నేను రాసిందే. అప్పుడే చెప్పి ఉండవలసింది. చేపల కూర బాగుందవ్వా అని చెప్పి ఆటో ఎక్కాను.

జరిగింది ఇక్కడే చెప్పేస్తాను, దాచి లాభం లేదు.

ప్రతి దాడి తర్వాతా మేం గుండ్రంగా కూర్చుని ఒకరి తప్పులు ఒకరం చెప్పుకునేవాళ్ళం. కమాండరైనా సరే, తన మీద వచ్చిన విమర్శను నోట్‌బుక్కులో రాసుకోవాలి, దానికి జవాబు చెప్పుకోవాలి. ఆ ఏడు ఆషాఢంలో ఒకరు లేచి, కమాండర్ తన సహచరిని రెండుసార్లు క్యాంపులోనే ఉంచారు, ముందు వరసకు పంపలేదు అన్నారు. ఆ రెండుసార్లూ ఆమెకు చలిజ్వరం. ఆ సంగతి నేను చెప్పవచ్చు. కాని పెళ్ళాన్ని వెనకేసుకొచ్చాడు అంటారని నాకు భయం. తూటాకు భయపడనివాణ్ణి ఆ మాటకు భయపడ్డాను. విమర్శను అంగీకరిస్తున్నాను, సరిదిద్దుకుంటాను అని రాసుకుని పైకి చదివాను.

సరిదిద్దుకోవడానికి నెల కూడా పట్టలేదు. శ్రావణంలో ఒక వాగు దగ్గర పోలీసులు ఎదురుపడ్డారు. వాగు నిండుగా పారుతోంది. వాళ్ళు అవతలి ఒడ్డున, మేం ఇవతల. మొదటి కాల్పులు కాస్త నెమ్మదించగానే కంపెనీని వెనక్కి తీయాలనుకున్నాను. అందరూ గుట్ట దాటేదాకా ముగ్గురు ఆగి, రెండు గంటల పాటు కాల్పులు జరుపుతూ ఉండాలి. ఆ ముగ్గురిలో ఒకరు సెక్షన్ కమాండర్ కావాలి. నా ఎదుట నలుగురు సెక్షన్ కమాండర్లు ఉన్నారు. వాళ్ళలో కాలు వాచి కుంటుతున్నది ఒక్కతే. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు.

“మంజుల,” అన్నాను.

ఆమె నన్ను చూసి, “నేనేనా?” అంది.

“నువ్వే,” అన్నాను.

అంతే. బండ వెనక్కి పోయి కూర్చుంది. రెండు గంటల తర్వాత ఆమెతో ఉన్న ఇద్దరూ వచ్చారు, ఆమె రాలేదు. శవాన్ని తెచ్చుకోలేకపోయాం. ఆ ఊరివాళ్ళే వాగొడ్డున పూడ్చారని తర్వాత తెలిసింది. వారం గడిచాక పుస్తకం రాయడానికి కూర్చుంటే, నేనేనా అన్న మాటను ఎక్కడ పెట్టాలో తెలియలేదు. దాని బదులు స్వచ్ఛందంగా అని రాశాను. కంపెనీ అంతా చప్పట్లు కొట్టింది.

కోరుట్ల దగ్గర మా ఊళ్ళో అన్న ఐలయ్య ఉన్నాడు. బయటికి వచ్చిన కొత్తలో పది రోజులు అక్కడే ఉన్నాను. పదకొండో రోజు అన్న చుట్ట ముట్టించి, “తమ్మీ, దినాం ఎవలో ఒకలు అచ్చి నిన్ను అడుగుతాండ్రు. ఇంట్ల ఆడోళ్లు బుగులు వడుతుండ్రు,” అన్నాడు. వెళ్ళిపొమ్మని అనలేదు. అనేదాకా ఆగడం మర్యాద కాదని నేనే లేచాను. కోరుట్లలో ఒక పసుపు గోదాముకు కాపలా దొరికింది. గోదాము వెనక గది, గదిలో ఒక పొయ్యి, ఒక చాప. పసుపు దుమ్ముకు నా బట్టలూ, చేతులూ పెళ్ళికొడుకువాటిలా ఉండేవి. అది చూసి నవ్వడానికి కూడా పక్కన ఎవరూ లేరు.

అందుకే మళ్ళీ ఆదివారం బోయినపల్లి బస్సు ఎక్కాను. ఆ పై ఆదివారం కూడా.

మొగిలవ్వకు ఇరవై గుంటల మెట్ట చెలక ఉంది. అందులో మొక్కజొన్న, మా మాటలో మక్క, వేసింది. నేను వెళ్ళి కలుపు తీసేవాణ్ణి. వంటింటి పైకప్పు రేకు లేచిపోతే మళ్ళీ బిగించాను. ఆమె అరుగు మీద కూర్చుని తప్పులు పట్టేది. “గట్ల గాదు, మొల గట్టిగ కొట్టు. గీ పని సుత నేర్పలేదా మీ పార్టీల?” అనేది. ఆమె ఎత్తిపొడుస్తుంటే నాకు ప్రాణం కుదుటపడేది. ఎత్తిపొడవడానికైనా ఒక మనిషి ఉండాలి కదా.

కొడుకు శ్రీహరి సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. శ్రావణి తండ్రి. మగ్గాల మోతకు చెవులు మొద్దుబారి ఏ మాటైనా కేకేసినట్టే మాట్లాడతాడు. మొదటిసారి నన్ను ఆ ఇంట్లో చూసినప్పుడు, “మా అక్కను తీస్కపోయినోళ్లు మళ్ల మా అవ్వ కోసం అచ్చిన్రా?” అన్నాడు. నాలుగిళ్ళ అవతలిదాకా వినబడింది.

“ఊకో. రేకు ఏసిండు ఆయన,” అంది మొగిలవ్వ. “నువ్వేసినవా?”

శ్రీహరి తలెత్తి రేకు చూశాడు. ఆ తర్వాతి ఆదివారం ఒక తువ్వాల తెచ్చి, నా వైపు చూడకుండా, మంచం మీద వేసి వెళ్ళాడు.

ప్రేమలత గురించి ఆమె అడిగేది, నేను చెప్పేవాణ్ణి. నిజమే చెప్పేవాణ్ణి, ఆ ఒక్కటి తప్ప. ఆమె తిండి లేని రోజుల్లో కూడా మక్కగారెల గురించే మాట్లాడేదని, వాటిలో పచ్చిమిరపకాయ ఎంత పడాలో మా వంటవాళ్ళతో పోట్లాడేదని చెప్పాను. ఎవరికి జ్వరమొచ్చినా రాత్రంతా పక్కన కూర్చునేదని చెప్పాను. మొగిలవ్వ వినేది, మూతి తిప్పుకునేది. “పరాయోళ్ల పక్కన కూసున్నది,” అనేది. వింటూనే ఉండేది.

శ్రావణ మాసంలో ఒకనాడు పక్కింటి నాగవ్వ గోడ మీంచి తొంగిచూసి, ఎవరే ఆయన అని అడిగింది.

“మా అల్లుడు,” అంది మొగిలవ్వ, బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుకుంటూ.

నాకు యాభై నాలుగేళ్ళు. అడవిలో పెళ్ళంటే రెండు నిమిషాలు చేతులు కలుపుకుని, పదిమంది ముందు పాట పాడుకోవడం. అత్తగారిల్లనేది ఒకటి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ మాట విని సిగ్గుపడ్డాను. బావి దగ్గరికి పోయి, అవసరం లేకపోయినా రెండు బిందెలు నీళ్ళు తోడాను. ఆ రోజు నుంచి అవ్వా అనడం మాని అత్తా అన్నాను. ఇక నిజం చెప్పే దారి నాకు నేనే మూసుకున్నాను. చెబితే ఈ ఇల్లు పోతుంది. చెప్పకపోతే చచ్చిపోయిన మనిషి మీద తల్లికి ఈ కోపం ఇలాగే ఉండిపోతుంది. రెండూ నాకు తెలుసు. ప్రతి ఆదివారం ఇల్లే కావాలనుకున్నాను.

భాద్రపదం వచ్చింది. మక్కలు కంకి మీద ఉన్నాయి. ఒక ఆదివారం నేను బయల్దేరుతుంటే మొగిలవ్వ ఆపింది.

“అల్లుడా, వచ్చే ఐతారం పెత్రమాస. నా కోపం నాకుండని. నువ్వయితే దాని మొగనివి గదా. నువ్వు ఇయ్యి బియ్యం.”

పెత్రమాసంటే భాద్రపద అమావాస్య. ఇంట్లో పోయినవాళ్ళ పేరు తలుచుకుని బియ్యం, చింతపండు, కూరగాయలు పళ్ళెంలో పెట్టి ఇచ్చే రోజు. మా వైపు లెక్క ఒక్కటే. పచ్చివి బయటివాడికి, వండినవి ఇంటివాళ్ళకు. జంగమయ్య వచ్చి కండువా పట్టి, పచ్చి బియ్యం పోయించుకుని పోతాడు. తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని, పోయినవాళ్ళకు ఇష్టమైనవి తింటారు. ఇరవై ఆరేళ్ళు ఇవన్నీ మూఢనమ్మకాలని క్లాసులు చెప్పినవాణ్ణి.

“ఇస్తనత్తా,” అన్నాను.

ప్రతి సోమవారం నేను జగిత్యాలలో ఒక ఆఫీసుకు పోయి రిజిస్టరులో సంతకం పెట్టాలి. అక్కడ నా పని చూసేది సతీశ్ అనే సీఐ. నాకంటే తొమ్మిది పదేళ్ళు చిన్న. మొదటి రోజు నుంచీ అన్నా అనే పిలిచేవాడు, టీ తెప్పించేవాడు. యుద్ధంలో ఎదురెదురు ఉన్నవాళ్ళం ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని, చక్కెర ఎక్కువైందని మాట్లాడుకునేవాళ్ళం. ఆదివారాలు ఎక్కడికి పోతున్నానో చెప్పాలన్నది షరతు. జూన్‌లో మొదటిసారి బోయినపల్లి అని చెప్పినప్పుడు, ఎవరింటికి అని అడిగాడు. చెప్పాను. ఆయన ప్రేమలత పేరు రాసుకోబోయి, పెన్ను ఆపి, రిజిస్టరు మూసేశాడు. అప్పుడు నాకేమీ అర్థం కాలేదు.

పెత్రమాసకు ముందు సోమవారం సంతకం పెట్టి లేస్తుంటే, ఈ ఆదివారం కూడా బోయినపల్లికేనా అని అడిగాడు.

“ఔ సార్. మా ఆమె పేర బియ్యం ఇయ్యాలె.”

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

“ఒక ముచ్చట చెప్పాల్నా వద్దా అని మూడు నెలల సంది చూస్తున్నన్నా. మీరు బియ్యం ఇచ్చేముందు చెప్పుడే మంచిదనిపిస్తుంది.”

“చెప్పుండ్రి సార్.”

“గా శ్రావణంల వాగు అవుతలి ఒడ్డున ఉన్నది నేనే. అప్పుడు ఎస్సైని.”

నేను మళ్ళీ కూర్చున్నాను. చేతులు బల్ల మీద పెట్టుకున్నాను.

“మొదలు కొట్టిన తూటాలల్లనే మా జాన్ పడ్డడు,” అన్నాడు సతీశ్. “గొల్లపల్లిల ఒక్క బెంచి మీద సదువుకున్నం. ఒక్కసారే సెలక్టయినం. జాన్‌ను చూసిన, వాగుల నీళ్లు చూసిన. దాటుడు కాదు, ఎనుకకు పోదమన్న. జాన్‌ను భుజాన ఏసుకొని బయలెల్లినం.”

“ఎంతసేపటికి సార్?”

“పావుగంటకు.”

“మరి కాల్పులు రెండు గంటలు నడిచినయి గదా.”

“మేం పోతున్నమని మీకు తెల్వద్దు గదన్నా. నలుగురిని ఆడ పెట్టిన. ఊకె అడవిలకు కొట్టుకుంట ఉండుండ్రి, మేం దూరం పోయినంక రాండ్రి అన్న. వాళ్లకు ఎవలు కనవడలే. ఊకె కొట్టిన్రు. ఒకలు పడ్డట్టు గూడ మాకు ఎరుకలేదు. రెండు నెలలైనంక మీ పుస్తకం దొరికితే తెలిసింది.”

టీ వచ్చింది. తెచ్చినాయన రెండు గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

అంటే ఆ రోజు మేం గుట్ట ఎక్కుతున్నాం. వాళ్ళు అటు రోడ్డు వైపు నడుస్తున్నారు. ఎవరూ ఎవరి మీదికీ రావడం లేదు. వాగుకు ఇటు ముగ్గురు, అటు నలుగురు, ఎప్పుడో వెళ్ళిపోయినవాళ్ళను కాపాడటానికి రెండు గంటలు కాల్చుకున్నారు. ఇన్నేళ్ళూ నాకొక ఊతం ఉండేది. ఆమె నిలబడింది గనుకే అరవై మంది బతికారని. నిద్ర పట్టనప్పుడు ఆ అరవై మందినీ పేరుపేరునా లెక్కపెట్టుకునేవాణ్ణి. ఆ రోజు అక్కడ ఎవరూ నిలబడనవసరం లేదు. నా మీద ఎవరో ఒక మాట అనకుండా ఉండటానికి ఆమె నిలబడింది, అంతే.

“జాన్‌ను ముందు వరసల పెట్టింది ఎవలు సార్?” అని అడిగాను. అడిగాక, అడగకుండా ఉండవలసింది అనిపించింది.

సతీశ్ చెంచాతో టీ కలిపాడు. “పతకం కాయితంల తనంతట తానే ముందుకు పోయిండని ఉంటది. వాళ్లమ్మ రాజక్క దాన్ని అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నది. నేను క్రిస్మస్‌కు పోయినప్పుడల్లా చూపెడ్తది.” గ్లాసు పక్కకు జరిపాడు. “గది రాసింది నేనే.”

నా పుస్తకం గురించి ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇద్దరం ఆఫీసర్లమే కదా, ఆ రాత ఎలా రాస్తారో ఇద్దరికీ తెలుసు. గుమ్మం దాకా వచ్చి నా భుజం మీద చెయ్యి వేయబోయి, మానేశాడు.

పెత్రమాస నాడు పొద్దున్నే వెళ్ళాను. ఆ సాయంత్రం నుంచే బతుకమ్మ. బస్సు నిండా తంగేడు పూల మోపులు, వాటి మధ్య ఆడవాళ్ళు. ఒకామె నన్ను జరగమంటూ, ఎవలింటికి పోతున్నవే అని అడిగితే, అత్తగారింటికి అన్నాను. ఆ మాట అనడం అదే ఆఖరని నాకు తెలుసు. అందుకే కొంచెం గట్టిగా అన్నాను.

మొగిలవ్వ తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని ఉంది. గోడ దగ్గర పీట మీద ప్రేమలత ఫొటో, ముందర విస్తరి. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర. మూకుడులో మక్కగారెలు వేగుతున్నాయి. పచ్చిమిరపకాయ నేను చెప్పినంతే వేసిందని ఘాటు చెబుతోంది. పళ్ళెంలో పచ్చి బియ్యం, చింతపండు, రెండు బీరకాయలు, నాలుగు ఎండుమిరపకాయలు సిద్ధంగా ఉన్నాయి. జంగమయ్య ఇంకా రాలేదు. శ్రీహరి గుమ్మంలో నిలబడి దారి చూస్తున్నాడు.

“అయ్య అచ్చేలోపట మీ అత్త ముచ్చట సదువు బిడ్డా,” అంది మొగిలవ్వ శ్రావణితో. “పెడుతున్నం గదా, ఇనని.”

శ్రావణి ఎర్ర పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టింది. పుట్టిన ఊరు, చదివిన బడి, చేరిన దళం. ఆఖరి పేజీకి వచ్చింది. “...కామ్రేడ్ మంజుల స్వచ్ఛందంగా...”

“ఆగు బిడ్డా,” అన్నాను. “గది అబద్ధం.”

శ్రావణి తలెత్తింది. మొగిలవ్వ జల్లిగంటెతో గారె తీస్తూ ఆగింది.

“గా పుస్తకం రాసింది నేనత్తా. ఆమె తనంతట తాను పోలే. నేను పొమ్మన్న. వేరేటోళ్లు ముగ్గురున్నరు, వాళ్లను పంపలే. మొగడు పెండ్లాన్ని దాసుకుంటుండని అంటరేమోనని ఆమెనే పంపిన. కాలు వాచి ఉండె. మొన్న ఇంకోటి తెలిసింది. అవుతలి పోలీసోళ్లు మా మీదికి వస్తనే లేకుండిరి. వాళ్లు గూడ ఎనుకకే పోతుండిరి. ఎవలు ఆడ ఉండే పనే లేకుండె.”

ఇంత పొడుగు మాట నేను ఎప్పుడూ గుక్క తిప్పుకోకుండా చెప్పలేదు. నూనె చిటపటలాడటం వినబడుతోంది. మొగిలవ్వ గారె తీసి పళ్ళెంలో వేసింది. పొయ్యి ఆర్పింది.

“పొమ్మంటే అదేమన్నది?”

“నేనేనా అన్నది.”

“మల్లొకపారి చెప్పు. ఎట్లన్నదో గట్లనే చెప్పు.”

“నేనేనా, అన్నది.”

ఆమె కింద కూర్చుంది. మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. “నేనేనా అన్నదా నా తల్లి,” అంది. “పోతనని అనలే.”

“అనలేదు.”

“పోవుడు ఇష్టం లేకుండె దానికి.”

“లేకుండెనేమో.”

“ఏమో కాదు. నాకెరుక. పొయ్యి కాడ పని చెప్తే సుత గట్లనే అనేది. నేనేనా అనేది. చెయ్యబుద్ది గాకుంటే గట్లనేది.” ఆమె ఏడవడం నేను మొదటిసారి చూశాను. ఏడుస్తూనే ఫొటో వైపు జరిగి, చీర కొంగుతో దాని మీద దుమ్ము తుడిచింది. “పన్నెండేండ్లు నిన్ను తిట్టుకుంట కూసున్న బిడ్డా. పన్నెండేండ్లు నీకు మెతుకు పెట్టలే.”

శ్రీహరి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఎప్పుడూ కేకలేసే మనిషి, “లే. బయటికి నడువు,” అని నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

“ఉండనియ్యి శ్రీహరీ,” అంది మొగిలవ్వ. కళ్ళు తుడుచుకుని లేచింది. బియ్యం పళ్ళెం రెండు చేతులా ఎత్తుకుని నా ముందుకు వచ్చింది.

ఒక్క క్షణం నాకు ఆశ కలిగింది. ఇదంతా విన్నాక కూడా భర్తగా ఆ పళ్ళెం నా చేతికే ఇస్తోందనుకున్నాను. రెండు చేతులూ చాచాను.

“చేతులు కాదు,” అంది. “కండువ పట్టుండ్రి.”

నా మెడలో శ్రీహరి ఇచ్చిన తువ్వాల ఉంది. తీసి, రెండు కొసలు పట్టుకున్నాను. ఇచ్చేవాడు పళ్ళెం పట్టుకుంటాడు. గుడ్డ పట్టేది తీసుకునేవాడు. ఆమె మూడు దోసిళ్ళు పోసింది, మూడుసార్లూ నా బిడ్డ ప్రేమలత పేర అంది. చింతపండు పెట్టింది, మిరపకాయలు పెట్టింది, బీరకాయలు పైన పెట్టింది. తర్వాత, ప్రతి ఏడూ జంగమయ్యకు పెట్టినట్టే, రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

“పొయ్యి రాండ్రి,” అంది.

శ్రావణం నుంచి అల్లుడా అన్న మనిషి. ఒక్క తిట్టు తిట్టలేదు. మర్యాదగా పంపించింది. నేను మూట కట్టుకుని వాకిలి దాటుతుంటే, వెనక శ్రావణి విస్తళ్ళు వేస్తున్న చప్పుడు వినబడింది. మూడు విస్తళ్ళు. మొగిలవ్వ ఇంకా ఫొటోతో మాట్లాడుతూనే ఉంది, గారె వేడిగ ఉన్నది, సల్లారినంక తిను అంటోంది. దారిలో జంగమయ్య ఎదురొచ్చి, ఇచ్చుడయిందా అయ్యా అని అడిగాడు. అయింది అన్నాను.

మర్నాడు జగిత్యాలలో సంతకం పెట్టాను. సతీశ్ నా మొహం చూసి, “బియ్యం ఇచ్చిండ్రా అన్నా?” అని అడిగాడు.

“ముట్టినయి సార్,” అన్నాను.

నేను జాన్ వాళ్ళ గొల్లపల్లికి బస్సులు ఆగే చోటు మీదుగా నడిచి, కోరుట్ల బస్సు ఎక్కాను. గోదాము వెనక గదిలో పొయ్యి వెలిగించి, ఆ బియ్యంలో సగం కడిగి ఎసట్లో పోశాను. బీరకాయ కోసుకున్నాను. కూరలో మిరపకాయ ఎక్కువైంది. ఆ బియ్యం మొత్తం నాలుగు పూటలకు వచ్చాయి. ఒక్క మెతుకు కింద పడకుండా తిన్నాను.